ఫొటో ఎవరిది?



రాయగడ, కోరాపుట్ జిల్లాల్లో ఫొటో స్టూడియోలు నడుపుకుంటున్నవారికి, పెళ్ళిళ్ళకూ పండుగలకూ కెమెరా భుజాన వేసుకుని తిరిగే కుర్రవాళ్ళకు, సెలవు రోజున సరదాగా ఫొటోలు తీసుకునే ఉద్యోగస్తులకు పనికివచ్చే నాలుగు మాటలు ఈ ప్రసంగంలో చెప్పదలచుకున్నాను. మంచి ఫొటో ఎలా తీయాలన్నది ఈనాటి విషయం కాదు. తీసిన ఫొటో ఎవరి సొత్తు? దాన్ని ఎవరు వాడుకోవచ్చు? వాడుకున్నందుకు డబ్బు ఎవరికి చెందాలి? ఫొటోలో ఉన్న మనిషి సంగతి ఏమిటి? ఇవీ ఈనాటి విషయాలు.

ముందుగా నా అనుభవం ఒకటి చెబుతాను. 1996 ప్రాంతంలో రాయగడలో నాకో చిన్న స్టూడియో ఉండేది. పాస్‌పోర్టు సైజు ఫొటోలు, పెళ్ళి ఫొటోలు – అదే జీవనం. అప్పుడప్పుడు బుధవారంనాడు బిస్సంకటక్ దగ్గరున్న చాటికొన సంతకి వెళ్ళేవాణ్ణి. నియమగిరి కొండల మీది నుంచి డొంగ్రియా కోంధులు ఆ సంతకి దిగుతారని మీకు తెలుసు. జుట్టు నిండా క్లిప్పులు, మెడ నిండా పూసలు, ముందు పసుపు కొమ్ముల కుప్ప పెట్టుకుని కూర్చున్న ఒక ఆవిణ్ణి అక్కడ ఫొటో తీశాను. బాగా వచ్చింది. పెద్దది చేసి స్టూడియో అద్దాల బీరువాలో పెట్టాను. ఊరికి కొత్తగా వచ్చిన ఒక పెద్దమనిషి చూసి ముచ్చటపడి ఒక ప్రింటు కొనుక్కు వెళ్ళాడు. ఎంతకిచ్చానో కూడా ఇప్పుడు గుర్తు లేదు. రసీదు లేదు, కాగితం లేదు.

మరుసటి సంక్రాంతికి ముందు సరుకుల కొట్టుకి వెళితే గోడ మీద కొత్త కేలండరు వేలాడుతోంది. అందులో ఆవిడే ఉంది. నేను తీసిన ఫొటోయే. కింద ఎవరి పేరో, ఏదో వ్యాపారం పేరో ఉంది గాని నా పేరు లేదు. కడుపు మండిపోయింది. కొట్టాయనతో చెబితే, "ఫొటో అమ్మేశావు కదా బాబూ, ఇంకేముంది?" అన్నాడు. నిజమే కాబోలు అనుకున్నాను. తరువాత ఒక వకీలుగారు చెబితే తెలిసింది, అది నిజం కాదని. నేను అమ్మింది కాగితాన్ని. ఫొటో మీది హక్కుని కాదు.

ఈ తేడా తెలియకే మనలో చాలామంది నష్టపోతున్నారు. కనుక దీన్ని కొంచెం వివరంగా చెబుతాను.

మన దేశంలో 1957 నాటి కాపీరైట్ చట్టం ఉంది. 1958 జనవరి నుంచి అమలులో ఉంది. ఇది కేంద్ర చట్టం. కోరాపుట్ ప్రాంతం 1936 దాకా విశాఖపట్నం జిల్లాలో ఉండేది, ఆ తరువాత ఒడిశాలో చేరింది. గీతకి ఇటు రాయగడ, అటు పార్వతీపురం. భూముల చట్టాలు అటొకటి ఇటొకటి కావచ్చు గాని, ఫొటో విషయంలో గీతకి రెండువైపులా చట్టం ఒక్కటే.

ఆ చట్టం ప్రకారం ఫొటోకి కర్త, అంటే రచయితలాంటివాడు, దాన్ని తీసిన మనిషి. కెమెరా ఎవరిదైనా సరే. మీ అంతట మీరు వెళ్ళి కొండనో, సంతనో, దుడుమ జలపాతాన్నో ఫొటో తీస్తే, తీసిన క్షణం నుంచే దాని మీద కాపీరైట్ మీది. ఎక్కడా రిజిస్టరు చేయించనక్కరలేదు. ఫీజు కట్టనక్కరలేదు. 2012లో చట్టాన్ని సవరించాక ఈ హక్కు మీరు బ్రతికి ఉన్నంతకాలం, ఆ తరువాత మరో 60 ఏళ్ళు ఉంటుంది. అంతకుముందు ఫొటోలకి మాత్రం ప్రచురించిన నాటి నుంచి 60 ఏళ్ళు అని ఉండేది. అంటే మీరు తీసిన మంచి ఫొటో మీ మనవల కాలానికి కూడా ఆస్తి అన్నమాట.

అయితే ఇక్కడ మూడు మినహాయింపులు ఉన్నాయి. మన స్టూడియోలవాళ్ళు జాగ్రత్తగా వినవలసింది ఇక్కడే.

మొదటిది – ఎవరైనా డబ్బిచ్చి తమకోసం ఫొటో తీయించుకుంటే, వేరే ఒప్పందం లేనప్పుడు, ఆ ఫొటో మీది హక్కు తీయించుకున్నవారిదే. పెళ్ళి ఫొటోలన్నీ ఈ కోవలోకే వస్తాయి. నెగెటివు మా దగ్గరుంది గనక ఫొటో మాదే అని పాతకాలంలో మేము అనుకునేవాళ్ళం. ఇప్పటి కుర్రవాళ్ళు, హార్డ్ డిస్కు మా దగ్గరుంది గనక మాదే అనుకుంటున్నారు. రెండూ తప్పే. పెళ్ళికూతురి ఫొటో బాగా వచ్చింది కదా అని స్టూడియో బోర్డు మీద వేసుకోవాలన్నా, మీ ప్రచారానికి ఫేస్‌బుక్‌లో పెట్టుకోవాలన్నా, ఆ ఇంటివారిని అడిగి, ఒప్పుకుంటే ఒక కాగితం మీద రాయించుకోవాలి. బయానా పుచ్చుకునే రోజునే రసీదు మీద ఈ ఒక్క వాక్యం చేర్చి సంతకం పెట్టించుకుంటే తరువాత ఏ తగవూ రాదు.

రెండవది – జీతం మీద పనిచేస్తూ ఆ ఉద్యోగంలో భాగంగా తీసిన ఫొటోల హక్కు యజమానిది. స్టూడియోలో నెల జీతానికి పనిచేసే కుర్రవాడు తీసినవి స్టూడియో యజమానికి చెందుతాయి.

మూడవది – పత్రికలో ఉద్యోగిగా తీసినవైతే పత్రికల్లో ప్రచురించుకునే హక్కు పత్రిక యజమానిది. మిగతా వాడకాల హక్కు తీసినవారికే ఉంటుంది. మరి ఉద్యోగి కాకుండా, ఫొటోకి ఇంత అని తీసుకునే స్ట్రింగరు సంగతి ఏమిటి? ఆయన తన అంతట తాను తీసి పంపిన ఫొటో ఆయనదే. పత్రిక వేసుకున్నంత మాత్రాన పత్రిక సొత్తు అయిపోదు. ఈ ముక్క తెలియక మన జిల్లాల విలేకరులు తమ ఫొటోలు మరోచోట పుస్తకాల్లోనో, ప్రకటనల్లోనో కనిపించినా ఊరుకుంటారు.

హక్కు ఎవరిదైనా, కర్త మాత్రం తీసినవారే. ఫొటో కింద తన పేరు వేయమని అడిగే హక్కు, ఫొటోని పాడుచేసి తన పరువు తీస్తే అడ్డుకునే హక్కు, కాపీరైట్ అమ్మేసిన తరువాత కూడా తీసినవారికే ఉంటాయి.

ఇక ఆదాయం మాటకి వద్దాం. హక్కు మీది అని తేలాక దాన్ని రెండు విధాలుగా ఇవ్వవచ్చు. ఒకటి పూర్తిగా రాసి ఇచ్చేయడం. రెండవది, హక్కు మీ దగ్గరే ఉంచుకుని వాడుకోవడానికి అనుమతి ఇవ్వడం. దీన్నే లైసెన్సు అంటారు. రైతు సోదరులకి చెప్పాలంటే, మొదటిది పొలాన్ని అమ్మి రిజిస్ట్రేషన్ చేసి ఇవ్వడం, రెండవది కౌలుకివ్వడం. కౌలుకిచ్చిన పొలం గడువు తీరాక మళ్ళీ మీ చేతికి వస్తుంది. పొలానికి లేని సౌకర్యం ఫొటోకి ఒకటుంది. ఒకే ఫొటోని ఒకే సమయంలో పదిమందికి కౌలుకివ్వవచ్చు. దేవమాలి కొండ మీద పొద్దుపొడుపు ఫొటోని ఒక హోటలువారికి గోడ మీద పెట్టుకోవడానికి, ఒక పత్రికకి ముఖచిత్రంగా, ఒక బడి పుస్తకానికి లోపలి బొమ్మగా వేరువేరుగా ఇవ్వవచ్చు. ఎవరైనా "మా ఒక్కరికే ఇవ్వాలి, ఇంకెవరికీ ఇవ్వకూడదు" అంటే, మిగతా బేరాలు వదులుకుంటున్నారు గనక ఎక్కువ అడగాలి.

ధర ఎలా కట్టాలి? ఫొటో తీయడానికి ఎంత శ్రమపడ్డారన్నది ఒక్కటే కాదు. వాడుకునేవారు దేనికి వాడుతున్నారు, ఎంత సైజులో, ఎన్ని ప్రతులు, ఎన్నాళ్ళు, ఏ ప్రాంతంలో – వీటిని బట్టి కట్టాలి. ఊరి గుడి ఉత్సవం కరపత్రానికి ఊరికే ఇచ్చినా ఇవ్వవచ్చు. అదే ఫొటోని ఒక పెద్ద కంపెనీ తన సరుకు డబ్బా మీద ముద్రిస్తానంటే లెక్క వేరు.

ఏ అనుమతైనా కాగితం మీద ఉండాలి. నోటిమాట చెల్లదు. ఆ కాగితంలో ఏ ఫొటో, ఏ వాడకానికి, ఎంతకాలం, ఏ ప్రాంతంలో, ఎంత సొమ్ము అన్న ఐదు సంగతులు రాయాలి. చట్టంలో ఒక వెసులుబాటు ఉంది. గడువు రాయకపోతే ఐదేళ్ళని లెక్క. ప్రాంతం రాయకపోతే భారతదేశం వరకే అని లెక్క. హక్కు రాయించుకున్నవారు ఏడాదిలోగా వాడుకోకపోతే, వేరే షరతు లేనప్పుడు, ఆ హక్కు జారిపోతుంది. కనుక ఎవరైనా అచ్చువేసిన కాగితం తెచ్చి సంతకం పెట్టమంటే ముందు చదవండి. "అన్ని హక్కులూ, శాశ్వతంగా, ప్రపంచమంతటా" అన్న మాటలు కనబడితే ఆగండి. ఫొటో పోటీల నిబంధనల్లో కూడా ఒక్కొక్కప్పుడు ఈ మాటలు ఉంటాయి. బహుమతి ఒకరికి, హక్కులు మాత్రం పంపిన అందరి దగ్గర నుంచీ!

ఇంటర్నెట్‌లో పెట్టిన ఫొటో అందరిదీ అనే భ్రమ ఒకటి ఉంది. అది కూడా తప్పే. వీధిలో నిలబెట్టిన సైకిలు ఎవరిదీ కాకుండా పోతుందా? అయితే మీరే క్రియేటివ్ కామన్స్ వంటి స్వేచ్ఛా లైసెన్సు కింద ఫొటోని వదిలితే, ఎవరైనా ఆ షరతుల మేరకు వాడుకోవచ్చు. వికీపీడియాకి ఇచ్చే ఫొటోలు అలాంటివే. అది మంచి పనే. కాని ఒకసారి ఇచ్చాక వెనక్కి తీసుకోవడానికి వీలులేదని తెలిసి ఇవ్వాలి.

హక్కు మాట అలా ఉంచి, అది మనదేనని రుజువు చేసుకోవడం ఎలా? లెక్కగా దాచుకోవడమే దారి. హైదరాబాదు నిజాం కొలువులో ఫొటోగ్రాఫరుగా పేరు పొందిన రాజా దీన్ దయాళ్ 1880లలోనే సికింద్రాబాదులో స్టూడియో నడిపారు. ఆయన నెగెటివులకి అంకెలు వేసి భద్రపరిచేవారు. 1905లో ఆయన పోయారు. 1989లో ఇందిరాగాంధీ జాతీయ కళాకేంద్రం ఆ గాజు నెగెటివులు 2,857 కొనుగోలు చేసింది. ఆయన పోయిన 84 ఏళ్ళకి కూడా ఆ పెట్టెలకి విలువ ఉందంటే, దాచుకున్నందుకే కదా! మనం కూడా కెమెరాలోంచి వచ్చిన అసలు ఫైలుని దిద్దకుండా, తేదీతో, ఊరి పేరుతో రెండుచోట్ల దాచుకోవాలి. ఎవరికైనా పంపేటప్పుడు చిన్న సైజుది పంపాలి. బాగా విలువైన ఫొటోని ఢిల్లీలోని కాపీరైట్ కార్యాలయంలో నమోదు చేయించుకుంటే కోర్టులో అది తొలి సాక్ష్యంగా పనికివస్తుంది. తప్పనిసరి మాత్రం కాదు.

ఎవరైనా దొంగిలించి వాడుకుంటే ముందు ఆ పుస్తకాన్నో, ప్రకటననో, తెర మీది పేజీ బొమ్మనో తేదీతో సహా దాచండి. తరువాత మర్యాదగా ఉత్తరం రాసి, వాడుకున్నందుకు ఇంత ఇవ్వమని అడగండి. చాలా తగవులు అక్కడే తీరిపోతాయి. తీరకపోతే వకీలు నోటీసు. అప్పటికీ వినకపోతే దావా. దొంగిలించినవారు బొంబాయిలో ఉన్నా, మీరు నివసించే జిల్లా కోర్టులోనే దావా వేసుకునే వీలు ఈ చట్టం ఇచ్చింది. నష్టపరిహారానికి మూడేళ్ళలోగా వేయాలి. తెలిసి చేసిన దొంగతనానికి ఆరు నెలల నుంచి మూడేళ్ళ దాకా జైలు, 50 వేల నుంచి రెండు లక్షల రూపాయల దాకా జరిమానా కూడా ఉన్నాయి. సొంతంగా చదువుకోవడానికి, విమర్శకి, వార్త చెప్పడానికి తగుమాత్రంగా వాడుకుంటే మాత్రం నేరం కాదు.

నా కేలండరు కథ కూడా నోటీసుతోనే తీరింది. నా దగ్గర నెగెటివు ఉంది. ఆ వ్యాపారం వారు గట్టిగా వాదించలేక కొంత సొమ్ము పంపారు. గెలిచానన్న సంబరంతో ఆ కేలండరు చుట్ట చుట్టి పట్టుకుని బుధవారంనాడు చాటికొన వెళ్ళాను. ఆవిడ కనబడింది. నాకు కువి భాష రాదు. తెలిసిన ఒకాయన్ని పక్కన పెట్టుకుని కథంతా చెప్పాను. నా ఫొటోని అడగకుండా ఎలా వేసుకున్నారో, నేనెలా వదలకుండా పట్టుకున్నానో వివరించాను. ఆవిడ కేలండరుని చాలాసేపు చూసింది. తరువాత ఒకటే అడిగింది – "మరి నువ్వు తీసినప్పుడు నన్ను అడిగావా?"

నా దగ్గర జవాబు లేదు. వాళ్ళు నాకు చేసిందీ, నేను ఆవిడకి చేసిందీ ఒకటేనని అప్పటిదాకా నాకు తోచలేదు. వచ్చిన సొమ్ములో సగం ఆవిడ చేతిలో పెట్టాను. లెక్కపెట్టుకుని కొంగున ముడి వేసుకుంది. పసుపు మాత్రం ఒక్క రూపాయి తగ్గించకుండా అమ్మింది.

అందుచేత ఫొటోలో ఉన్న మనిషి హక్కు గురించి చెప్పకుండా ఈ ప్రసంగం ముగించలేను. కాపీరైట్ చట్టం తీసినవారిని కాపాడుతుంది. ఫొటోలో ఉన్నవారికి కాపాడేవి వేరే ఉన్నాయి. మనిషికి తన ఏకాంతం మీద హక్కు ఉందని సుప్రీంకోర్టు 1994లో రాజగోపాల్ కేసులో చెప్పింది. అది ప్రాథమిక హక్కేనని 2017లో పుట్టస్వామి కేసులో తొమ్మిదిమంది న్యాయమూర్తులు కలిసి తేల్చారు. వ్యాపారం మాటకొస్తే, 2012లో ఢిల్లీ హైకోర్టులో ఒక కేసు జరిగింది. అమితాబ్ బచ్చన్, జయా బచ్చన్ ఉన్న తనిష్క్ నగల ప్రకటనని మరో నగల వ్యాపారి తన హోర్డింగు మీద వేసుకున్నాడు. ఫొటో హక్కుతోపాటు, ఆ దంపతుల రూపాన్ని అనుమతి లేకుండా సరుకు అమ్మడానికి వాడటం కూడా తప్పేనని కోర్టు చెప్పింది. పేరున్నవారికి వకీళ్ళు ఉన్నారు. కొండ మీది మనిషికి ఎవరున్నారు?

ప్రపంచమంతా ఎరిగిన ఒక ఉదాహరణ చెబుతాను. 1984లో పాకిస్తాన్‌లోని ఒక శరణార్థి శిబిరంలో స్టీవ్ మెకర్రీ అనే ఫొటోగ్రాఫరు ఒక ఆఫ్ఘన్ బాలికని ఫొటో తీశారు. 1985 జూన్‌లో అది నేషనల్ జియోగ్రాఫిక్ పత్రిక ముఖచిత్రం అయింది. ఆ పచ్చని కళ్ళు ఎరగనివారు లేరు. కాని ఆ పిల్ల పేరు షర్బత్ గులా అని లోకానికి తెలిసింది 2002లో. ఆ ఫొటోని ఆమె మొదటిసారి చూసింది కూడా అప్పుడే. అన్నేళ్ళూ తన ముఖం లోకమంతా తిరుగుతోందని ఆమెకే తెలియదు.

మన చాటికొనలో, కోరాపుట్ జిల్లా ఒనుకుడెల్లి గురువారం సంతలో ఇదే జరుగుతూ వచ్చింది. బోండా, డొంగ్రియా ఆడవాళ్ళ ఫొటోలు ఎక్కడెక్కడో పుస్తకాల్లో, పర్యాటక ప్రకటనల్లో అచ్చయ్యాయి. 2012లో ఒడిశా ప్రభుత్వం ఇలాంటి బలహీన గిరిజన తెగలవారిని పర్యాటకులు ఫొటోలు తీయడం మీద ఆంక్షలు పెట్టింది. కనుక కెమెరా పట్టుకుని బయలుదేరేముందు జిల్లా అధికారులని అడిగి తెలుసుకోండి. మరోవైపు చూడండి. కోట్‌పాడ్ నేతకి 2005లో, డొంగ్రియాల కప్డాగండా శాలువాకి 2024లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. ఇప్పుడు ఎక్కడో నేసిన గుడ్డని ఆ పేరు పెట్టి అమ్మడానికి వీలులేదు. శాలువా పేరుకే అంత విలువ ఉన్నప్పుడు, దాన్ని కప్పుకున్న మనిషి ముఖానికి ఉండవద్దా?

ఆచరణలో చేయవలసింది పెద్ద పనేమీ కాదు. ముందు అడగండి. వద్దంటే కెమెరా దించండి. వార్తకో, వ్యాసానికో కాక ప్రకటనకి, కేలండరుకి, సరుకు డబ్బాకి వాడేటట్టయితే సమ్మతి పత్రం రాయించుకోండి. ఫొటో ఏజెన్సీలు దీన్నే మోడల్ రిలీజ్ అంటాయి. గుర్తుపట్టగల మనుషులున్న ఫొటోని ప్రకటనలకి అమ్మాలంటే అది లేనిదే తీసుకోవు. ఆ పత్రాన్ని వారికి తెలిసిన భాషలో, ఒడియాలోనో కువిలోనో, చదివి వినిపించాలి. సంతకం రాకపోతే వేలిముద్ర, పక్కన వారి మనిషి ఒకరి సాక్ష్యం. పిల్లలైతే తల్లిదండ్రుల సమ్మతి. ఏ వాడకానికో, ఎంత ఇస్తున్నారో అందులో ఉండాలి. ఒక ప్రింటు వారి చేతికి తప్పకుండా ఇవ్వాలి.

ఇప్పుడు పాస్‌పోర్టు ఫొటో కూడా జనం సెల్‌ఫోన్‌లోనే తీసుకుంటున్నారు. కడిగే పని పోయింది, ప్రింటు వేసే పని తగ్గింది. స్టూడియోలవాళ్ళకి మిగిలిన ఆస్తి తీసిన ఫొటో మీది హక్కే. దాన్ని కాపాడుకోవాలంటే కాగితం రాసుకునే అలవాటు రావాలి. ఒక కాగితం మీ దగ్గర ఫొటో తీసుకునేవారితో, ఒక కాగితం మీరు ఎవరిని ఫొటో తీశారో వారితో. మొదటిది రాయించుకునే ధైర్యం రెండవది రాసి ఇచ్చినవారికే ఉంటుందని నా అనుభవం.

ఆ కేలండరు ఇంకా నా దగ్గరే ఉంది. దాని వెనక ఆవిడ పేరు రాసి పెట్టుకున్నాను. ఆమె అనుమతి లేదు గనక ఇక్కడ చెప్పడం లేదు.